తూర్పు గేటు

ఎవరైనా మరీ తియ్యగా నవ్వుతూ గుమ్మంలోకి వస్తే జెర్సీ అత్త ముందు వాళ్ళ చేతులవైపు చూస్తుంది. ఏం తెచ్చారా అని కాదు, ఏం పట్టుకుపోదామని వచ్చారా అని. ఆ రోజు వచ్చినాయన చేతులు ఖాళీగా ఉన్నాయి. దాంతో ఆమె అనుమానం రెట్టింపయింది.

ఆయన ఫుట్‌బాల్ క్లబ్బుకు కొత్త కార్యదర్శి. నలగని చొక్కా, కాస్త వంగి మాట్లాడే మర్యాద, మాటకు ముందొక "అమ్మా", వెనకొక "అమ్మా". ఆయన పక్కనే, పెళ్ళికొడుకును వెంటబెట్టుకొచ్చిన తోడు మనిషిలా, మరిది నిలబడి ఉన్నాడు. ఈ మరిదిని వీధి వీధంతా హాఫ్‌టైమ్ అంటుంది. చదువు సగంలో మానేశాడు. వ్యాపారం సగంలో మూసేశాడు. పెళ్ళీ సగమే, ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఆఖరికి కబుర్లు కూడా సగం చెప్పి, మిగతాది రేపు చెప్తానని లేచిపోయే రకం.

"వదినా, క్లబ్బుకి వందేళ్ళు నిండుతున్నాయి. పాత గ్రౌండు ఫోటోలన్నీ పోగేసి పెద్ద ప్రదర్శన పెడుతున్నారు" అన్నాడు హాఫ్‌టైమ్. "మన ఇంట్లో రేకు పెట్టె ఉందిగా, అన్నయ్యది. నేనే చెప్పాను సార్‌కి."

"నువ్వే చెప్పావా? చాలా సంతోషం" అంది ఆమె. ఆ సంతోషం ఎలాంటిదో మరిదికి తెలుసు కాబట్టి తల దించుకున్నాడు.

"అసలు ఫోటోలే కావాలమ్మా" అన్నాడు కార్యదర్శి. "కాపీలు తీసుకుని, వాటికి చక్కగా అద్దం బిగించి మీకు ఇస్తాం. అసలువి మా దగ్గర భద్రంగా ఉంటాయి. ఇళ్ళల్లో అయితే చెదలు, చెమ్మ..."

"మా ఇంట్లో చెదలు లేవు."

"అబ్బే, మీ ఇంట్లో అని కాదమ్మా."

"చూద్దాం లెండి. ఎక్కడ పెట్టానో ఏమో, వెతకాలి" అని ఆమె కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ మిషన్ చప్పుడు మొదలైందంటే మాటలు ముగిశాయని అర్థం. కార్యదర్శి నవ్వుతూనే వెళ్ళిపోయాడు. వీధి చివర కారు తలుపు తీసి హాఫ్‌టైమ్‌ను లోపల కూర్చోబెట్టుకోవడం ఆమె కిటికీలోంచి చూసింది. మరిది కాళ్ళకు కొత్త బూట్లు ఉన్నాయి.

జెర్సీ అత్త అన్న పేరు ఆమెకు ఊరికే రాలేదు. క్లబ్బు ఆటగాళ్ళ జెర్సీలు ఏళ్ళ తరబడి ఆమే కుట్టింది. వీధి వెనకాలే పాత గ్రౌండు. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క స్టాండు, కొక్కేలకు అంకెల పలకలు తగిలించే స్కోరు బోర్డు, వాన పడితే నీళ్ళన్నీ చేరి బంతి కూరుకుపోయే ఒక పల్లపు మూల. ఆ మూలలో ఇరుక్కున్న బంతి కోసం అవతలి జట్టువాళ్ళు తిట్టే తిట్లు వీధి పిల్లలందరికీ కంఠతా వచ్చేవి. గ్రౌండు తూర్పు గోడలో ఈ వీధివైపు చిన్న గేటు ఒకటి ఉండేది. పక్కనే కుళాయి. ఆ గేటులోంచి దూరి, గ్రౌండు అంచు వెంట నడిచి, వీధి వాళ్ళంతా పెద్ద రోడ్డుకు చేరేవాళ్ళు. పనులకు, బడికి, ఆసుపత్రికి అదే దారి. క్లబ్బు ఊరి బయట కొత్త స్టేడియం కట్టుకుని వెళ్ళిపోయాక ఆ గేటును ఇటుకలతో మూసేసి సున్నం కొట్టేశారు. అప్పటినుంచీ పెద్ద రోడ్డెక్కాలంటే బస్సు డిపో చుట్టూ తిరిగి పోవాల్సిందే. కొన్నాళ్ళు సణిగారు, తర్వాత కాళ్ళకు అలవాటైపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె తలుపు గడియ వేసి, బీరువా వెనక నుంచి రేకు పెట్టె లాగింది. పై ఫోటోలన్నీ పక్కన పెట్టి అడుగున ఉన్నది తీసింది.

అది వానలో తీసిన ఫోటో. స్టాండు పై మెట్టు మీంచి తీశాడు ఫోటో స్టూడియో ఆయన. నడుమ గోల్ పోస్టు, అందులో ఆమె భర్త. క్లబ్బులో ఆయన్ను గోడ అనేవాళ్ళు, బంతి దాటి పోనివ్వడని. ఈ ఫోటోలో మాత్రం బంతి ఆయన్ను దాటి పోతోంది. గోడ రెండు కాళ్ళూ నేలమీద గట్టిగా ఆనించి నిలబడి ఉన్నాడు. తల మాత్రం అటు తిరిగి ఉంది. ఫోటో కుడి అంచున తూర్పు గేటు, ఆ గేటులో పొడి జెర్సీల మూట చంకన పెట్టుకుని, జడ తడిసి ముద్దయిన ఇరవయ్యేళ్ళ పిల్ల. ఆమే.

ఆ గోలుతో క్లబ్బు ఫైనల్ పోగొట్టుకుంది. బురదలో కాలు జారిందని గోడ అందరికీ చెప్పాడు. అప్పటి జట్టు నాయకుడు పెద్ద కెప్టెన్ నమ్మాడు, భుజం తట్టి ఓదార్చాడు కూడా. పెళ్ళయ్యాక ఈ ఫోటో చేతికొచ్చినప్పుడు ఆమె పట్టుకుని నిలదీసింది.

"నా వంకే చూస్తున్నావు కదూ?"

"నీ వంకెందుకు చూస్తా? లైన్స్‌మన్‌ని చూస్తున్నా."

"లైన్స్‌మన్ అవతలి పక్క ఉన్నాడు."

"అయితే కుళాయి వంక చూశా. దాహం వేసింది."

వానలో దాహం వేసిన మనిషితో ఇంకేం వాదిస్తాం? కానీ ఆయన ఒక్క మాట తీసుకున్నాడు. పెద్ద కెప్టెన్ బతికున్నంత కాలం ఈ ఫోటో క్లబ్బు గడప తొక్కకూడదు. ఆమె సరేనంది. గోడ పోయి చాలా కాలమైంది. పెద్ద కెప్టెన్ ఇంకా ఉన్నాడు. మాట కూడా ఉంది.

ఆ వారంలోనే ఇస్త్రీ అన్న వచ్చాడు. వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం అతనిది. వాళ్ళమ్మ కూడా అదే పని చేసేది, అతను చిన్నగా ఉన్నప్పుడే పోయింది. చేతిలో అద్దం బిగించిన కొత్త ఫోటో ఉంది. దాన్ని కుట్టుబల్ల మీద పెట్టాడు.

"అత్తా, మా అమ్మ ఏది?"

ఆమె కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. జట్టంతా వరసగా నిలబడి ఉంది. మెరుగు పెట్టినట్టు ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఈ ఫోటో ఆమెకు తెలుసు, ఇస్త్రీ దుకాణంలో గోడకు తగిలించి ఉండేది. జట్టుకు కుడివైపు చివర కుళాయి దగ్గర బకెట్ పట్టుకుని అతని తల్లి నిలబడి నవ్వుతూ ఉండేది. ఆ తల్లికి అదొక్కటే ఫోటో. ఇప్పుడు ఫోటో చివరి ఆటగాడి భుజం దగ్గరే అయిపోయింది.

"హాఫ్‌టైమ్ అన్న వచ్చి అడిగితే ఇచ్చాను. ఇదేంటంటే ఫ్రేమ్ కొలత అంటున్నాడు ఆ కార్యదర్శి. అసలుది ఇమ్మంటే, భద్రంగా ఉంది, ప్రదర్శన అయ్యాక చూద్దాం అంటున్నాడు" అన్నాడు. "ఆటగాళ్ళు వాళ్ళ మనుషులు. మా అమ్మ ఎవరని ఉంచుతారు?"

ఆమె చేతిలోని కుట్టుపని పక్కన పెట్టింది. అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అతను వెళ్ళగానే చెప్పులేసుకుని బయలుదేరింది. పాలవాళ్ళింట్లో, పాత లైన్స్‌మన్ కూతురింట్లో, రొట్టెల దుకాణంలో, ఎవరెవరు ఫోటోలిచ్చారో వాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి, ఏదో పలకరింపుకు వచ్చినట్టు కూర్చుని, గోడలవంక చూసింది. అన్ని చోట్లా కొత్త అద్దాలు, కొత్త మెరుపు. అన్నిట్లోనూ కుడిపక్కనే కోత. ఎక్కడా గేటు లేదు, కుళాయి లేదు. రొట్టెల దుకాణం ఫోటోలో మాత్రం కుడివైపు కోస్తే గోల్ పోస్టు సగం పోతుంది, అందుకని అక్కడ గోడంతా సున్నం తెలుపు పరిచినట్టు చేశారు. గేటు ఉండాల్సిన చోట నున్నటి గోడ.

"ఇది ఫ్రేమ్ కొలత కాదే" అంది సాయంత్రం కూతురితో. కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది, రక్తపరీక్ష చేయనిదే జ్వరమని ఒప్పుకోదు.

"అమ్మా, నీకు పాలవాడి మీద అనుమానం, కరెంటు మీటరు మీద అనుమానం. పోయినేడు నా పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయి జేబులో రెండు ఫోన్లున్నాయని అనుమానం."

"రెండు ఫోన్లెందుకు మనిషికి?"

"సరే. ఎవరు చేస్తున్నారంటావు? బాబాయేనా?"

కొత్త బూట్లు, కారు, ఇంటింటికీ కాలికి బలపం కట్టుకుని తిరగడం, అన్నీ ఆమె ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ కూర్చుంది. గోడ పోయాక మరిదితో ఆమెకు మాటలు తగ్గాయి. పోట్లాట ఏమీ లేదు. ఇద్దరి మధ్యా ఉన్న మనిషి లేకపోయేసరికి, ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. అలా మాటలు తగ్గిన చోట అనుమానానికి ఎంత చోటైనా దొరుకుతుంది.

రెండు రోజులకు మరిది తనంతట తనే వచ్చాడు. ఫ్యాన్ చప్పుడు చేస్తోందని ఆమె ఎప్పుడో అన్న మాట గుర్తు పెట్టుకుని వచ్చానన్నాడు. స్టూలెక్కాడు, దిగాడు, నూనె కావాలన్నాడు. నూనె కోసం ఆమె వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బీరువా పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఫ్యాన్ సగం బాగుచేసి, మిగతాది రేపు చూస్తానని వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరగకముందే ఆమె పెట్టె తీసింది. అడుగున ఉండాల్సిన ఫోటో లేదు.

ఇంటి మనిషి, గోడ తోడబుట్టినవాడు, అన్న దాచుకున్నదాన్ని పట్టుకెళ్ళి కత్తెరకు అప్పగిస్తున్నాడు! మిగిలిన ఫోటోలన్నీ పెట్టెలోంచి తీసి, కుట్టుమిషన్ కింది అరలో జెర్సీ గుడ్డల మడతల్లో దాచింది. తర్వాత ముఖం కడుక్కుని, మరిది గదికి బయలుదేరింది.

హాఫ్‌టైమ్ సైకిళ్ళు బాగుచేసే దుకాణం పైగదిలో అద్దెకుంటాడు. అతను బయటికెళ్ళాడని దుకాణదారు చెప్పాడు.

"తెలుసు. ఫ్యాన్ సామాన్లు మరిచిపోయాడు, తీసుకెళ్ళాలి" అందామె కళ్ళార్పకుండా. దుకాణదారు తాళంచెవి ఇచ్చాడు.

గది చూస్తే జాలేసింది. ఒక మంచం, ఒక స్టవ్, సగం చదివి బోర్లా పెట్టిన పేపరు. అయినా ఆమె మనసు రాయి చేసుకుని వెతికింది. దిండు కింద లేదు. పెట్టెలో లేదు. మంచం పరుపు లేపితే, రెండు అట్టల మధ్య పెట్టి దారంతో కట్టిన పొట్లం దొరికింది. విప్పింది. వానలో గోడ, గేటులో తను. నలగలేదు, అంచులు కోయలేదు.

అప్పుడే మెట్లమీద కొత్త బూట్ల చప్పుడు వినిపించింది. హాఫ్‌టైమ్ గుమ్మంలో నిలబడిపోయాడు.

"వదినా! నువ్వు నా గది వెతుకుతున్నావా?"

"నువ్వు నా బీరువా వెతకలేదూ? ఇంకా అందజేయలేదేం మీ సార్‌కి? కారు రాలేదా?"

"నేను అందజేయడమేంటి? ఇద్దామనుకున్నది నువ్వు కదా!"

"నేనా?"

"నువ్వే. మీ వదినగారు ఒప్పుకున్నారు, వెతికి ఇస్తానన్నారు, రేపు మనిషిని పంపిస్తున్నానని నిన్న ఆ కార్యదర్శే చెప్పాడు. అందుకే ఈలోపు పట్టుకొచ్చేశా. అన్నయ్య ఫోటో కూడా వాళ్ళ పాలైపోతే ఎలాగని." అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "నువ్వు ఇంతకి దిగజారతావని అనుకోలేదు వదినా. రాత్రంతా అదే బాధ."

"చూద్దాం లెండి, వెతకాలి" అన్న తన మాటను కార్యదర్శి ఎలా తిప్పి వాడుకున్నాడో అప్పుడు ఆమెకు అర్థమైంది. అర్థమైనా వెంటనే మెత్తబడలేదు.

"మరి నీ బూట్లో?"

"ఇవి నా మేనల్లుడివి. వాడికి బిగుతయ్యాయని ఇచ్చాడు. కావాలంటే ఫోన్ చెయ్యి, కనుక్కో."

ఆమె ఫోన్ వంక ఒకసారి చూసింది. చేయలేదు గానీ, చెయ్యాలని అనిపించిన మాట నిజం.

మంచం అంచున కూర్చుని హాఫ్‌టైమ్ మొత్తం చెప్పాడు. మొదట్లో అతనికేమీ తెలియదు. ప్రదర్శన గోడమీద ఫోటోలు సేకరించినవారు అని పేరు వేస్తామంటే పొంగిపోయి ఇంటింటికీ తిరిగాడు. పేరు పడేది జీవితంలో అదొక్కటే అనుకున్నాడు. ఒకరోజు ఫోటోల కట్టతో కార్యదర్శి గది బయట బల్లమీద కూర్చుని ఉంటే, లోపల ఆయన ఫోన్లో మాట్లాడటం వినబడింది. పాత గ్రౌండులో ఇళ్ళు కడతారట. ఊరి మునిసిపల్ కార్యాలయం వాళ్ళు, అటువైపు జనానికి దారి ఏమైనా ఉండేదా అని అడిగారట. ఎప్పుడూ లేదు, తూర్పున మొదటినుంచీ నిండు గోడేనని క్లబ్బు చెప్పిందట. దారి ఉండేదని తేలితే అది వదిలి కట్టాలి. అలా వదిలితే వాళ్ళు గీసుకున్న కట్టడమంతా చెడుతుంది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఎలా చెప్పను? ఇంటింటికీ తిరిగి పోగేసిందే నేను. ఇస్త్రీ అన్న అప్పట్నించీ నా ముఖం చూడటం లేదు. పైగా నువ్వు కూడా వాళ్ళతో కలిశావనుకున్నా."

"మన వీధి జనమంతా వెళ్ళి గేటుండేదని చెప్తే?"

"వాళ్ళకి దారి కావాలి కాబట్టి అలాగే చెప్తారు అంటారు. అడిగా వదినా, కార్యాలయం గుమస్తాని ఊరికే అడిగినట్టు అడిగా. ఏదైనా చూపించాలన్నాడు."

చూపించడానికి మిగిలింది ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉన్నదొక్కటే, రేకు పెట్టెలోని మిగతావాటిలో గేటు పడలేదు. స్టూడియో ఆయన పోయాక కొడుకు దుకాణం ఖాళీ చేస్తూ పాత నెగెటివ్‌లన్నీ పారేశాడని వీధిలో అందరికీ తెలుసు. ఆమె ఫోటోవంక చూస్తూ ఉండిపోయింది. దీన్ని బయట పెడితే గేటు కనబడుతుంది. గేటుతోపాటు గోడ మెడ ఎటు తిరిగి ఉందో కూడా కనబడుతుంది.

"పెద్ద కెప్టెన్ బతికున్నాడు" అంది మెల్లగా.

హాఫ్‌టైమ్‌కు ఆ మాట సంగతి తెలుసు. "అన్నయ్య ఉంటే ఏమనేవాడో?" అన్నాడు.

"ఏమంటాడు? కుళాయి వంక చూశాననేవాడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. గోడ పోయాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. అయినా వెళ్ళేటప్పుడు ఫోటోను మరిది దగ్గర ఉంచలేదు ఆమె. "నా దగ్గరే ఉంటే మంచిది" అని జాకెట్టు గుడ్డల సంచిలో పెట్టుకుని, సంచి రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

ప్రదర్శన కొత్త స్టేడియం హాలులో పెట్టారు. ఇచ్చిన మాట తప్పక తప్పదని తేల్చుకుని జెర్సీ అత్త ఫోటో ఉన్న సంచితో అక్కడికి వెళ్ళింది. గోడల నిండా మనిషంత ఫోటోలు. జనం వాటిముందు నిలబడి మురిసిపోతున్నారు. ఆకుపచ్చ స్టాండు చూసి ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరసలో పెద్ద కెప్టెన్ చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన పక్కన ఊరి కార్యాలయంలో భూముల సంగతి చూసే అధికారిణి, అతిథిగా పిలిస్తే వచ్చింది. వాళ్ళిద్దరినీ పక్కపక్కన చూడగానే జెర్సీ అత్తకు కొత్త అనుమానం పుట్టింది. ఈ ముసలాయన కూడా వాళ్ళ మనిషేనా? క్లబ్బువాళ్ళే కదా ఆయన్ను కారులో తీసుకొచ్చి దింపింది. గేటా, ఏ గేటు అని ఈయనే అనేస్తే ఇక ఊళ్ళో ఎవరు నమ్ముతారు?

ఆమెకు ఒకవైపు ఇస్త్రీ అన్న, మరోవైపు హాఫ్‌టైమ్. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆమెకు కాపలా ఉన్నట్టు నడిచారు. కార్యదర్శి ఎదురొచ్చాడు, అదే నవ్వుతో.

"రండమ్మా, రండి. ఫోటో తెచ్చారా? ఎంత మంచి పని చేశారు. ఇటివ్వండి, నేను పెద్దాయనకి చూపిస్తాను."

"చేతికివ్వను" అందామె. గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. నలుగురు తిరిగి చూశారు. "ఆయన కళ్ళు బాగానే ఉన్నాయిగా. నేనే చూపిస్తా."

కార్యదర్శి చెయ్యి అలాగే చాచి ఉండగా ఆమె పక్కనుంచి దాటి పెద్ద కెప్టెన్ ముందు నిలబడింది. "నేను గోడ భార్యని" అంది. ఫోటో తీసి రెండు చేతులతో ఆయన ముఖం ముందు పట్టుకుంది, వదల్లేదు. ఆయన జేబులు తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. చూశాడు. ఇంకాస్త ముందుకు వంగి చూశాడు. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు.

"బురదలో కాలు జారిందన్నాడు" అన్నాడాయన చివరికి.

"అవునండీ."

"రెండు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి."

"అవునండీ."

"నేను వాణ్ణి ఓదార్చాను! నా తువ్వాలు ఇచ్చాను!" ఆయన భుజాలు అదరడం మొదలైంది. కోపమో ఏడుపో ఆమెకు తెలియలేదు. అది నవ్వు. దగ్గు తెరలొచ్చేదాకా నవ్వాడు. "ఫైనల్ పోయింది, ఎందుకు పోయిందా అని నేను జన్మంతా కుమిలిపోతుంటే, ఈ దొంగ వెధవ... ఏమ్మా, అక్కడ మూటతో నిలబడ్డది నువ్వేనా?"

"నేనేనండీ."

"అయితే మమ్మల్ని ఓడించింది నువ్వన్నమాట."

జనం నవ్వారు. హాఫ్‌టైమ్ కూడా నవ్వి, వెంటనే వదినవంక భయంగా చూశాడు. ఆమె మాత్రం నవ్వలేదు, వచ్చిన పని ఇంకా కాలేదు.

"నేను ఎక్కడ నిలబడ్డానో చెప్పండి" అంది.

"ఎక్కడేంటి, తూర్పు గేటులో. మేమంతా అందులోంచే కదా వచ్చేది. పెద్ద గేటు దగ్గర టికెట్లు చింపేవాడు మమ్మల్ని కూడా ఆపేవాడు, మొండి మనిషి. మీ వీధి జనమంతా మా ఆట మధ్యలోంచే పోయేవాళ్ళు కాదూ, కూరగాయల సంచులతో. ఒకసారి కార్నర్ కిక్ ఆపి మరీ ఒక ముసలమ్మకి దారిచ్చాం."

భూముల అధికారిణి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటోంది. తల ఎత్తి, చాలా మామూలుగా అడిగింది. "ఏ గేటండీ?"

కార్యదర్శి ముందుకొచ్చాడు. "అది మేడమ్, చాలా పాత సంగతి, ఏదో తాత్కాలికంగా..."

"నేను ఆయన్ని అడుగుతున్నాను."

పెద్ద కెప్టెన్ చేతికర్రతో గోడమీది ఫోటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఉండాలి, ఇక్కడా ఉండాలి, ఇదేంటి, ఇక్కడ గేటు ఏమైంది, కుళాయి ఏమైంది అని. ఒక్కో ఫోటోకూ ఆయన గొంతు పెరిగింది. అధికారిణి ఆయన వెనకే నడిచింది. తర్వాత జెర్సీ అత్త దగ్గరకొచ్చి, ఫోటోను తన ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది. "తీసుకోండి, పట్టుకునే ఉంటాను" అంది అత్త. పట్టుకునే ఉంది.

ఆ తర్వాత జరిగింది మెల్లగానే జరిగింది. కార్యాలయం మనుషులు వచ్చి తూర్పు గోడ సున్నం గీకారు. కింద వేరే రంగు ఇటుకలు, గేటు ఆకారంలోనే బయటపడ్డాయి. కార్యదర్శి ఏదో ఆరోగ్యం సాకు చెప్పి క్లబ్బు వదిలేశాడు. గ్రౌండు మాత్రం మిగల్లేదు. ఆకుపచ్చ స్టాండు పీకేశారు, పల్లపు మూలను మట్టితో నింపేశారు, ఇళ్ళ మేడలు లేచాయి. అయితే వాటి నడుమ, తూర్పు గోడ నుంచి పెద్ద రోడ్డు దాకా దారి వదిలారు.

వీధి జనం ఇచ్చిన అసలు ఫోటోలు దొరకలేదు. గోదాములో నీళ్ళు పడి పాడయ్యాయని ఒకసారి, తెలియదని ఒకసారి చెప్పారు. హాఫ్‌టైమ్ క్లబ్బు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. సగంలో మానతాడని అందరూ చూశారు, మానలేదు. కానీ ఖాళీ చేతులతోనే వచ్చాడు. చివరికి వదిన ఫోటోనే వేరే స్టూడియోకి పట్టుకెళ్ళి, ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుని, కుళాయి ఉన్న భాగాన్ని పెద్దది చేయించాడు. కుళాయి కింద బకెట్ పెడుతున్న ఒక చెయ్యి, మోచేతి దాకా కనబడింది. ముఖం ఫోటోలోకి రాలేదు.

"ఇది మా అమ్మ చెయ్యే" అన్నాడు ఇస్త్రీ అన్న. దాన్ని దుకాణంలో పాత మేకుకే తగిలించుకున్నాడు. ఆ రోజు కుళాయి దగ్గర ఉన్నది పాలవాళ్ళావిడని జెర్సీ అత్తకు లీలగా అనుమానం. ఆ ఒక్క అనుమానం మాత్రం ఎవరితోనూ అనలేదు. ఇస్త్రీ అన్న ఆ వారంలో హాఫ్‌టైమ్ చొక్కాలు అడగకుండానే ఇస్త్రీ చేసి పంపించాడు.

దారి తెరిచిన కొత్తలో ఒక ఉదయం ఆమె కుట్టిన బట్టల సంచితో పెద్ద రోడ్డువైపు నడుస్తోంది. మేడల కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు. కొత్తవాడు, ఊరు కూడా కొత్తదే కాబోలు. ఆమెను పైనుంచి కిందకు చూసి, చూపు ఆమె చేతిలోని సంచిమీద ఆపాడు.

"ఎవరమ్మా మీరు? ఎక్కడికి?"

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత అతని చూపు ఎక్కడ ఉందో గమనించి, ఎందుకో కోపం చల్లారిపోయింది. సంచి తెరిచి లోపలున్నవి చూపించింది.

"ఈ వీధిదాన్నే నాయనా. రోజూ వస్తాను. గుర్తు పెట్టుకో" అని చెప్పి, ఒకప్పుడు గోల్ పోస్టు ఉన్న చోటు మీదుగా రోడ్డెక్కింది.